మెండెన్‌హాల్ గ్లేసియర్‌కి కెనూలో వెళ్లి, మంచు దాకా నడిచి: తరచుగా అడిగే ప్రశ్నలు

అలాస్కాలో జూనో ఊరి పక్కనే ఉన్న మెండెన్‌హాల్ గ్లేసియర్‌కి గైడ్ వెంట వెళ్లే ట్రిప్ గురించి ఇది. గ్లేసియర్ అంటే మెల్లగా కదిలే మంచు నది. దాని ముందున్న సరస్సును కెనూలో, అంటే తెడ్లతో నడిపే పొడవాటి పడవలో దాటాలి, అవతలి ఒడ్డున బండల మీదుగా మంచు దాకా నడవాలి. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మంచును తాకకుండానే వెనక్కొచ్చాను. ఆ సంగతి కింద వస్తుంది. మావాళ్లు అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు అందులోనే ఉంది.

అసలు ఆ రోజంతా ఏం జరుగుతుంది?

పొద్దున్నే వ్యాన్‌లో ఊళ్లోంచి ఎక్కించుకుంటారు. ఊరి నడిబొడ్డు నుంచి గ్లేసియర్ దాదాపు 19 కిలోమీటర్లు. సరస్సు ఒడ్డున రబ్బరు బూట్లు, వాన ప్యాంటు, వాన కోటు, లైఫ్ జాకెట్ ఇస్తారు. తెడ్డు ఎలా పట్టుకోవాలో, ఎలా వేయాలో ఒడ్డు మీదే నిలబెట్టి నేర్పిస్తారు. తర్వాత గంట అటూ ఇటూగా కెనూ ప్రయాణం, దిగి నడక, మంచు అంచు దగ్గర కాసేపు, మళ్లీ అదే దారిన వెనక్కి. మొత్తం మీద సగం రోజు పైనే పడుతుంది. "వెళ్లి ఫొటో దిగి వచ్చేద్దాం" అనుకునేవాళ్లకు అక్కడి విజిటర్ సెంటర్ (సందర్శకుల కేంద్రం) చాలు, అక్కడి నుంచీ గ్లేసియర్ బాగానే కనిపిస్తుంది. అది 1962లో కట్టింది. అమెరికా అటవీశాఖ కట్టిన విజిటర్ సెంటర్లలో మొదటిది అదే.

జూనోకి ఎలా చేరాలి?

విమానం, లేదంటే ఓడ. జూనో అలాస్కా రాజధానే అయినా బయటి నుంచి అక్కడికి రోడ్డు లేదు. వెనక మంచు పర్వతాలు, ముందు సముద్రం. సియాటిల్ నుంచి విమానంలో రెండున్నర గంటలు. వెళ్లేవాళ్లలో ఎక్కువమంది క్రూయిజ్ ఓడల్లోనే వెళ్తారు.

ఓడలో వెళ్తుంటే ఒక్క మాట. అలాస్కా టైము సియాటిల్ కంటే గంట వెనక. ఓడలో గడియారం ఒకటి చెప్తుంటే ఊళ్లో గడియారం ఇంకొకటి చెప్పడం మామూలే. బుక్ చేసేటప్పుడు "మీరు చెప్పే తొమ్మిది ఏ తొమ్మిది?" అని అడగండి, సిగ్గుపడకండి. తిరిగొచ్చాక ఓడ బయల్దేరడానికి కనీసం రెండు గంటలు మిగిలేలా చూసుకోండి. గ్లేసియర్ దగ్గర గాలి మారితే మీ ఓడ సంగతి దానికి పట్టదు.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

ట్రిప్పులు మే నుంచి సెప్టెంబరు దాకా నడుస్తాయి. నా ఓటు మే నెలాఖరుకి, జూన్‌కి. వాన కాస్త తక్కువ, పగలు బాగా ఎక్కువ. జూన్ మూడోవారంలో సూర్యుడు పద్దెనిమిది గంటలు పైనే ఉంటాడు. జూలై, ఆగస్టుల్లో సాల్మన్ చేపలు ఏరుల్లోకి ఎక్కుతాయి, వాటి కోసం ఎలుగుబంట్లు దిగుతాయి. అదో అందం. సెప్టెంబరులో వాన మొదలైతే తెరిపి ఉండదు. అయినా ఏ నెలలో వెళ్లినా వాన పడుతుందనే లెక్కతోనే వెళ్లాలి. అది వర్షారణ్యం, మనకు అలవాటైన వేడి అడవి కాదు, చల్లటి వర్షారణ్యం. దాని పేరు టాంగాస్ అడవి, అమెరికాలోని జాతీయ అడవులన్నిటిలోకీ పెద్దది.

నాకు ఈత రాదు. రావచ్చా?

రావచ్చు. నేను వెళ్లిన రెండుసార్లూ మా కెనూలో ఈత రానివాళ్లు ఉన్నారు. ఇంకో సంగతి చెప్పాలి, ఈత వచ్చినవాళ్లకు కూడా ఆ నీళ్లలో దానివల్ల ఒరిగేది తక్కువే.

సరస్సు నీళ్లు గ్లేసియర్ కరిగి వచ్చినవే. తేలే మంచుగడ్డల మధ్య వాటి చలి గడ్డకట్టే స్థాయికి కాస్త పైన మాత్రమే ఉంటుంది. అంత చల్లటి నీళ్లలో మనిషికి ఏమవుతుందో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ తనే మంచునీళ్లలో దిగి మరీ పరిశోధించాడు. ఆయన చెప్పిన లెక్క పేరు 1-10-1. మొదటి ఒక్క నిమిషం ఊపిరి మన మాట వినదు, దానంతటదే ఎగబీలుస్తుంది. అప్పుడు నోరు నీళ్లలో ఉంటే అంతే సంగతులు. తర్వాత పది నిమిషాలు చేతులు, వేళ్లు పనిచేస్తాయి, ఆ లోపే ఏం చేసుకోవాలన్నా చేసుకోవాలి. స్పృహ తప్పడానికి ఇంకా గంట దాకా పట్టవచ్చు. అంటే చలికి చచ్చిపోయే లోపే, మొదటి నిమిషంలో ఉక్కిరిబిక్కిరై మునిగిపోయేవాళ్లే ఎక్కువ. ఆ నిమిషంలో నోటిని నీటిపైన ఉంచేది లైఫ్ జాకెట్. అది కూడా బిగించి కట్టుకున్నది, ఊరికే భుజాలకు తగిలించుకున్నది కాదు. గైడ్ వచ్చి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తారు. చెవుల దాకా లేస్తే మళ్లీ బిగిస్తారు. ఊపిరాడట్లేదని పట్టీలు వదులు చేసుకోకండి.

కెనూ బోల్తా పడుతుందా?

ఈ ట్రిప్పులకు వాడేవి సన్నటి ఇద్దరి కెనూలు కావు. వెడల్పుగా, బరువుగా, చాలామంది ఒకేసారి కూర్చునేంత పెద్దవి. వెనక గైడ్ కూర్చుని దిశ చూసుకుంటారు, మీ పని తెడ్డు వేయడం. అందరూ కూర్చున్నంతసేపూ అది ఊగదు. ఎవరో ఒకరు ఫొటో కోసం లేచి నిలబడితేనే అందరికీ గుండె జారుతుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నడుం వంచి, రెండు అంచులూ పట్టుకుని, మధ్యలో అడుగు వేయాలి.

ఇదంతా తెలిసీ నేను దిగేటప్పుడు తొందరపడ్డాను. గైడ్ "ఆగండి, కెనూ ముక్కు ఇంకా ఒడ్డుకు తగల్లేదు" అంటూనే ఉంది, నేను కాలు పక్కకు వేశాను. లోతు మోకాలి దాకానే, కానీ బూటు నిండా నీళ్లు. ఆ తర్వాత మూడు గంటలు నా ఎడమ పాదం నాది కానట్టే ఉంది. అంత చిన్న పొరపాటుకే అలా ఉంటే పూర్తిగా పడ్డవాళ్ల గతి ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

తెడ్డు వేస్తే చేతులు నొప్పి పుట్టవా?

చేతులతో లాగితే పుడతాయి. నడుం తిప్పి, ఒళ్లంతటితో లాగాలి. పై చెయ్యి తెడ్డు చివరున్న పిడి మీద, కింది చెయ్యి నీళ్లలో మునిగే వెడల్పాటి ఆకుకు కొంచెం పైన. ముందున్నవాళ్ల తెడ్డు చూస్తూ, వాళ్లు ముంచినప్పుడే మీరూ ముంచండి. బలం కంటే లయ ముఖ్యం. పదిమందీ పది రకాలుగా వేస్తే కెనూ ఉన్నచోటే గునుస్తుంది.

నడక ఎంత కష్టం?

దూరం పెద్దదేం కాదు. కష్టం దూరంలో లేదు, కాలి కింద ఉంది. కొన్నేళ్ల క్రితం దాకా మంచు కింద ఉన్న బండలవి. గ్లేసియర్ ఈడ్చుకుపోయిన రాళ్లు వాటి మీద గీతలు గీశాయి, ఒకే దిక్కుకు, దువ్వెనతో దువ్వినట్టు. కొన్నిచోట్ల నున్నగా పాలిష్ పట్టినట్టుంటాయి, వాన పడితే సబ్బు మీద నడిచినట్టే. మధ్యమధ్యలో వదులు రాళ్ల గుట్టలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కడం కంటే దిగడం ఇబ్బంది. మెట్లు ఎక్కిదిగగలిగి, ఎగుడుదిగుడు నేల మీద రెండు మూడు గంటలు నిలకడగా నడవగలిగితే చాలు.

చెట్లున్న చోట ఒక హెచ్చరిక: డెవిల్స్ క్లబ్ అనే మొక్క ఉంటుంది. ఆకులు పెద్దపెద్దవి, చూడ్డానికి బాగుంటుంది, కాడ నిండా సన్నటి ముళ్లు. జారినప్పుడు చేతికి అందింది కదా అని పట్టుకున్నారో, వారం దాకా ముళ్లు ఏరుకుంటూ కూర్చోవాలి.

మంచు మీద నడిపిస్తారా?

ఇది బుక్ చేసే ముందే, ఆ ఏడాది సంగతిగా అడగాల్సిన ప్రశ్న. మంచు అంచు ఏటా వెనక్కి జరుగుతోంది. ఒక సీజన్‌లో నడిచి ఎక్కగలిగిన చోటు తర్వాతి సీజన్‌కి కూలిపోయి ఉండవచ్చు. కొన్ని ట్రిప్పులు పక్కనున్న బండల దాకానే, కొన్ని మంచు మీదికి. వెబ్‌సైట్‌లో ఫొటో ఏ ఏడాది తీసిందో ఎవరికి తెలుసు?

మంచు మీదికి తీసుకెళ్తే బూట్లకు క్రాంపాన్లు కడతారు, అంటే ఇనుప ముళ్ల చట్రాలు. తలకు హెల్మెట్. మామూలుగా మడమ ముందు ఆనించి నడుస్తాం కదా, ఇక్కడ అలా కాదు. పాదం మొత్తం ఒకేసారి నేలకు కొట్టినట్టు వేయాలి, ముళ్లన్నీ దిగాలి. కాళ్లు ఎడంగా పెట్టాలి, లేకపోతే ఒక కాలి ముళ్లు రెండో కాలి ప్యాంటులో చిక్కుకుని బోర్లా పడతారు. పది నిమిషాల్లో అలవాటైపోతుంది.

గైడ్ వేసిన అడుగులోనే అడుగు వేయమంటారు. ఎందుకంటే మంచులో నిట్టనిలువు బావుల్లాంటివి ఉంటాయి, మూలాన్లు అంటారు. పైన కరిగిన నీళ్లు సుడి తిరుగుతూ అందులోకి పడిపోతుంటాయి. అంచున మంచు తడిగా, వాలుగా ఉంటుంది. దూరం నుంచి నీలంగా అందంగా కనిపించే ప్రతి గుంటనూ దగ్గరికెళ్లి చూడాలనిపిస్తుంది. వద్దు.

ఏం వేసుకోవాలి? జీన్స్ ఫరవాలేదా?

జీన్స్ ఒక్కటి తప్ప ఏదైనా అంటాను. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపలి బనియన్ కూడా నూలుది కాకూడదు. ఒంటికి ఆనుకుని ఉన్ని గానీ పాలిస్టర్ గానీ, దాని మీద ఫ్లీసు (మెత్తటి సింథటిక్ స్వెటర్ లాంటిది), దాని మీద వాళ్లిచ్చే వాన కోటు. ఉన్ని సాక్సులు రెండు జతలు, ఒకటి వేసుకోవడానికి, ఒకటి సంచిలో (నా ఎడమ పాదం సాక్షిగా చెప్తున్నాను). చెవులు కప్పే టోపీ. చేతి తొడుగులు, చలికి మాత్రమే కాదు, మంచు మీద పడి చెయ్యి ఆనిస్తే గరుకు కాగితం మీద రుద్దినట్టు చర్మం లేస్తుంది.

తెడ్డు వేస్తున్నప్పుడు చెమట పడుతుంది, ఆపగానే గాలికి వణుకు. అందుకే ఒక్క లావాటి కోటు కంటే తీసి వేసుకోగలిగే మూడు పల్చటివి మేలు. ఎండ రోజైతే నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ మరిచిపోవద్దు. మంచు మీద పడ్డ ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కాలుతుంది.

మంచు నీలంగా, నీళ్లు బూడిదరంగులో ఎందుకుంటాయి?

ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పడ్డ మంచు బరువుకు లోపలి గాలి చాలావరకు బయటికి పోయి, గట్టిపడుతుంది. అలాంటి దట్టమైన మంచులోకి వెళ్లిన వెలుతురులో ఎరుపు ఇంకిపోతుంది, నీలం మిగిలి బయటికొస్తుంది. అందుకే పగుళ్లలో, అప్పుడే విరిగిన చోట నీలం చిక్కగా ఉంటుంది. ఎండ తగిలి గుల్లబారిన పైభాగం తెల్లగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు నీలం ఇంకా బాగా తెలుస్తుంది, కాబట్టి వాన రోజని దిగులుపడకండి.

సరస్సులో బూడిదరంగు రాతి పిండిది. గ్లేసియర్ బండల్ని తిరగలిలా నూరుతుంది. ఆ పిండి ఎంత సన్నగా ఉంటుందంటే అడుక్కి దిగదు, నీళ్లలోనే తేలుతుంటుంది. నీళ్లలో చెయ్యి పెడితే మణికట్టు దాటాక వేళ్లు కనిపించవు.

మంచు గుహలు చూపిస్తారా?

ఇంటర్నెట్‌లో చూసిన ఆ నీలం గుహల గురించే అయితే, వాటి మీద ఆశ పెట్టుకోకండి. అవి నీళ్లు తొలిచిన సొరంగాలు. వేసవిలో కరుగుతూ కప్పు నుంచి గడ్డలు రాలుతుంటాయి. చాలామంది చూసిన గుహలు ఇప్పుడు లేవు.

ఎలుగుబంట్లు వస్తాయా?

విజిటర్ సెంటర్ పక్కన స్టీప్ క్రీక్ అనే ఏరు ఉంది, సాల్మన్ కాలంలో నల్ల ఎలుగుబంట్లు అక్కడ కనిపిస్తూనే ఉంటాయి. అక్కడ చెక్క వంతెన మీద నుంచి చూడొచ్చు. నడకలో గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్తే అవే తప్పుకుంటాయి. తినే వస్తువులు ఎక్కడా వదలొద్దు. ఎలుగుబంటిని తరిమే కారపు స్ప్రే గైడ్ దగ్గర ఉంటుంది. మీరు కొనుక్కుంటే దాన్ని విమానంలో తీసుకెళ్లనివ్వరు, చెక్-ఇన్ సామానులో కూడా.

నన్నడిగితే ఎలుగుబంటి కంటే ఆర్కిటిక్ టర్న్ అనే పక్షికే ఎక్కువ జాగ్రత్తపడాలి. పిడికిలంత ఒళ్లు, అంటార్కిటికా వైపు నుంచి ప్రతి ఏటా ఇక్కడి దాకా ఎగిరొచ్చి ఒడ్డున గులకరాళ్లలో గుడ్లు పెడుతుంది. దగ్గరికెళ్తే నేరుగా నెత్తి మీదికి దూకుతుంది.

అక్కడ వరదలొస్తాయని విన్నాం. నిజమా?

నిజమే. ప్రతి వేసవిలోనూ జాగ్రత్తగా గమనించాల్సిన విషయం ఇది. ప్రధాన గ్లేసియర్ పక్కన సూసైడ్ బేసిన్ అనే లోయ ఉంది. ఒకప్పుడు అందులోంచి ఒక చిన్న గ్లేసియర్ వచ్చి మెండెన్‌హాల్‌లో కలిసేది. అది కరిగి వెనక్కి పోయింది, లోయ ఖాళీ అయింది. వానా, కరిగిన మంచూ ఆ లోయలో చేరతాయి, మెండెన్‌హాల్ మంచే దానికి ఆనకట్ట. నీళ్లు పెరిగి పెరిగి ఒకరోజు మంచు కిందనుంచి దారి చేసుకుంటాయి. ఒకటి రెండు రోజుల్లో అంతా సరస్సులోకి, అక్కడి నుంచి నదిలోకి. 2011లో ఇది మొదలైంది. 2023 ఆగస్టులో నది ఒడ్డున ఇళ్లు కూలిపోయాయి. 2024 ఆగస్టులో, మళ్లీ 2025 ఆగస్టులో నీటిమట్టం అంతకుముందు రికార్డును దాటింది.

లోయలో నీటిమట్టాన్ని కొలిచే ఏర్పాట్లున్నాయి, నీళ్లు కదలగానే హెచ్చరిక వస్తుంది. ఆ రోజుల్లో సరస్సు మీదికి ఎవరినీ తీసుకెళ్లరు. ఆగస్టులో వెళ్తుంటే ముందూ వెనకా ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

మధ్యలో వెనక్కి తిప్పేస్తే డబ్బులిస్తారా?

ఒడ్డు మీదే రద్దు చేస్తే మామూలుగా ఇస్తారు, లేదా ఇంకో రోజుకు మారుస్తారు. బయల్దేరాక తిప్పేస్తే సంగతి వేరు, చాలాచోట్ల ఇవ్వరు. షరతుల్లో ఆ ముక్క వెతికి చదవండి.

నా మొదటి ట్రిప్ అలాగే ముగిసింది. ఎండ కాస్తున్న రోజు, ఆకాశంలో మబ్బు తునక లేదు. సరస్సు సగం దాటాం. గ్లేసియర్ మీద నుంచి ఎదురుగాలి మొదలైంది. మంచు మీద చల్లబడ్డ గాలి బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. ఎండ రోజుల్లో మధ్యాహ్నానికి ఇది ఇంకా జోరందుకుంటుంది. తెడ్లు వేస్తున్నాం, ఒడ్డున గురుతు పెట్టుకున్న తెల్లబండ మాత్రం పక్కనుంచి కదలడం లేదు. అలల తలల మీద తెల్లటి నురగ కనిపించగానే గైడ్ కెనూను తిప్పేసింది. ఎవరినీ అడగలేదు. ముందు కూర్చున్న ఒకాయన "ఇంత డబ్బు కట్టి వచ్చాం, ఇంకో పావుగంటే కదా" అన్నాడు. నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే మాట. ఆమె "వెళ్లడం పావుగంటే. తిరిగి రావడానికి ఎంతవుతుందో నాకు తెలీదు" అంది. తిరుగుదారిలో గాలి వెనక నుంచి కొట్టింది. అలలు కెనూ వెనక భాగాన్ని ఎత్తి పక్కకు తోస్తుంటే ఒడ్డు చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆ ముందాయనే అందరికంటే ముందు టిప్ తీశాడు.

కాబట్టి కంపెనీని ఎంచుకునేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: "పోయిన సీజన్‌లో ఎన్నిసార్లు వెనక్కి తిప్పారు?" ఒక్కసారి కూడా లేదంటే ఇంకోచోట చూసుకుంటాను.

గైడ్ లేకుండా మేమే వెళ్లొచ్చా?

పడమటి ఒడ్డున వెస్ట్ గ్లేసియర్ ట్రెయిల్ ఉంది, ఎవరైనా నడవొచ్చు. సొంత పడవలవాళ్లూ కనిపిస్తారు. కానీ మంచు అంచు దగ్గర ఏ గడ్డ ఎప్పుడు విరుగుతుందో, తేలుతున్న గడ్డ ఎప్పుడు తిరగబడుతుందో తెలియడానికి ఆ చోటును రోజూ చూస్తున్న కన్ను కావాలి. తేలే గడ్డలో దాదాపు పదోవంతే పైకి కనిపిస్తుంది. కింద కరిగి బరువు మారగానే చప్పుడు లేకుండా పొర్లుతుంది. జాతీయ అడవిలో డబ్బు తీసుకుని జనాన్ని తిప్పాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. మీ కంపెనీకి అదుందో లేదో అడగండి.

పిల్లలు, అమ్మానాన్నలు?

వయసు, బరువు పరిమితులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. మా అక్కా బావగారూ రెండోసారి నాతో వచ్చారు, ఇద్దరికీ యాభై దాటాయి, ఇబ్బంది లేదు. బీపీ, గుండె, మోకాళ్ల సంగతి ముందే చెప్పాలి. దాచిపెట్టి రావడం మీకే కాదు, ఆ కెనూలో ఉన్న అందరికీ చేటు. అమ్మానాన్నలకు విజిటర్ సెంటర్ నుంచి నగ్గెట్ జలపాతం దాకా చదునైన దారి ఉంది. 115 మీటర్ల జలపాతం, ఎదురుగా గ్లేసియర్, కెనూ ఎక్కకుండానే.

బాత్రూమ్?

బయల్దేరే ముందు వెళ్లండి. అవతలి ఒడ్డున ఏమీ ఉండవు.

ఫోన్, కెమెరా?

ఫోన్‌కి మెడ తాడు, నీళ్లు చొరని సంచి. చలికి బ్యాటరీ ఇట్టే పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. తెడ్డు వేస్తూ ఫొటోలు తీయలేరు, దిగాక తీసుకోవచ్చు.

టిప్ ఎంత?

అమెరికాలో అలవాటు ప్రకారం 15 నుంచి 20 శాతం. నగదు ఉంచుకోండి.

గ్లేసియర్ నిజంగా అంత వెనక్కి పోయిందా?

విజిటర్ సెంటర్ వైపు దారుల్లో ఏ ఏడాది మంచు ఎక్కడుందో గుర్తు పెట్టిన పలకలు కనిపిస్తాయి. మనం కెనూ వేసే సరస్సు గత శతాబ్దం మొదట్లో లేనే లేదు, అక్కడంతా మంచే. చెట్లు చూసినా తెలుస్తుంది. మంచు అంచు దగ్గర వట్టి బండ, కొంచెం ఇవతల నాచు, తర్వాత ఆల్డర్ పొదలు, ఇంకా ఇవతల ఆకాశమంత స్ప్రూస్ చెట్లు. తిరుగుదారిలో ఆ వరసను గమనించండి, మంచు వదిలి ఎన్నేళ్లయిందో చెట్ల ఎత్తే చెప్తుంది.

ఒక మంచుముక్క తెచ్చుకోవచ్చా?

వ్యాన్ ఎక్కేలోపే కరిగిపోతుంది. దానికంటే, గైడ్ సరేనంటే, పక్కన తేలుతున్న అరచేతంత ముక్క తీసి చెవి దగ్గర పెట్టుకోండి. వందల ఏళ్ల క్రితం నొక్కుకుపోయిన గాలి బుడగలు ఒక్కొక్కటే పగులుతుంటాయి, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమంటూ. మా అక్క తెడ్డు పక్కన పెట్టేసి అది ఆగేదాకా వింటూనే ఉంది.